ఏది మిస్సయింది?

పరశురాములుకు ఇంగ్లీషు రాదు. బడి మొకం చూసింది నాలుగో తరగతి దాకనే. అక్కడ నేర్చిన తెలుగు అచ్చరాలు గూడ గొర్లెంబడి తిరిగి తిరిగి సగం రాలిపోయినయి. అయినా 'మిస్' అన్న మాట ఆయనకు మంచిగనే తెలుసు. అది ఇంగ్లీషు మాటని ఎవలన్న చెప్తే నమ్మడు. నల్లగొండ బస్టాండుల బస్సు మిస్సయితది. కొడుకు దామోదర్ చిన్నప్పుడు బడికెల్లి ఏడ్చుకుంట వచ్చి "మిస్సు కొట్టింది బాపూ" అనేటోడు. బామ్మర్ది జానీ మోటర్ సైకిలు ఎక్కినప్పుడల్లా "ఇంజన్ మిస్ కొడుతాంది బావా, జర దిగి నూకు" అంటడు. మొన్నటికి మొన్న హైవే దాటుతుంటే లారీ మీదికొచ్చి జరంతల మిస్సయింది. ఇన్ని తీర్ల నోట్ల నలిగే మాట తెలుగు గాకపోతే ఇంకేంది?

గసొంటి సొంత మాటే ఆ ఎండాకాలం ఆయన ఇంటిల్లిపాదినీ ఆగమాగం చేసింది.

పరశురాములుది పానగల్ అవతల చిన్న ఊరు. తాతల కాలం సంది గొర్లకాపరి ఇల్లు. ఎండలు ముదిరి గుట్టల మీద గడ్డి మాడిపోంగనే మందను తోలుకొని కేతేపల్లి దిక్కు పోతడు. అక్కడ మూసీ కాల్వ కింద యాసంగి వరి కోసినంక కొయ్యకాళ్లల్ల మళ్ల పచ్చటి పిలకలు లేస్తయి. గొర్లకు మేత దొరుకుతది, పొలం గలోళ్లకు ఎరువు దొరుకుతది. వానలు పడేదాక అక్కడ్నే మకాం. తోడు జానీ ఉంటడు. జానీ అంటే సైదమ్మ తమ్ముడు, సైదమ్మంటే పరశురాములు భార్య.

ఇంట్ల సైదమ్మ, కొత్త కోడలు స్నేహలత ఉంటరు. దామోదర్ చిట్యాల కాడ దారం మిల్లుల పని చేస్తడు. సోపతిగాళ్లతోని ఒక రూము కిరాయికి తీసుకొని ఉండి, ఆదివారమొస్తే ఇంటికొచ్చి పోతడు. స్నేహలత డిగ్రీ పాసైన పిల్ల. లగ్గమై నాలుగు నెలలే అయింది గనుక మామ ముందట తలెత్తి మాట్లాడదు. మామ "బువ్వ తిన్నవా బిడ్డా" అంటే "తిన్న మామయ్యా" అంటది. అంతే, ఇద్దరి నడుమ ముచ్చట అక్కడికి ఒడిసినట్టే.

ఈ ఏడు బైలెల్లే ముందట పరశురాములు బటన్ల ఫోను గొర్లు నీళ్లు తాగే తొట్టిల పడి సచ్చింది. దామోదర్ అప్పుడే కొత్త ఫోను, కొత్త నంబరు తీసుకున్నడు. పాత ఫోను పాత సిమ్ముతోనే తీసి బాపు చేతుల పెట్టిండు.

"ఫోనొస్తే గీ పచ్చదాన్ని గిట్ల మీదికి గుంజు బాపూ. మిగిలిందంత ముట్టుకోకు."

పరశురాములు మిగిలిందేదీ ముట్టుకోలే. ఫోనును గొర్రెపిల్ల లెక్క రుమాలుల చుట్టుకొని తిరిగిండు.

ఒకనాడు పగటీలి గొర్లు కాల్వ గట్టు మీద తుమ్మచెట్ల నీడకు చేరి తలకాయలు కలుపుకొని నిలబడ్డయి. పరశురాములు, జానీ సద్దులు తిని గొంగడి పరుచుకొని ఒరిగిండ్రు. రుమాలులకెల్లి ఫోను 'టింగ్' మన్నది.

"ఇది మొత్తుకుంటలేదు, ఒక్కసారే కూసింది. ఏమైందో చూడరా" అని పరశురాములు ఫోను అందిచ్చిండు.

జానీ పదో తరగతి పరీక్ష రెండుసార్లు రాసి రెండుసార్లూ ఇంగ్లీషుల ఆగినోడు. అందుకే ఇద్దర్ల ఇంగ్లీషు ఆయన జిమ్మేదారి. ఫోనును మొకానికి దగ్గర పెట్టుకొని, దూరం పెట్టుకొని చూసిండు.

"నీ కోడలు కాడికెల్లి మెసేజ్ బావా. స్నేహ అని ఉన్నది, పక్కకు గులాబీ పువ్వున్నది."

"కోడలా? నాకా? ఏమని పెట్టింది?"

"మిస్ యూ."

"మిస్ దాక తెలిసింది. యూ ఏంది?"

"యూ అంటే నువ్వు."

"మిస్సు, నువ్వు. అంటే?"

జానీ తలకాయ గోక్కున్నడు. "అంటే నీది ఏదో మిస్సయిందంటాంది. ఆగాగు, కింద బొమ్మ గూడ ఉన్నది. పసుప్పచ్చ మొకం, రెండు కండ్లల్లకెల్లి కాల్వలు పారినట్టు నీళ్లు కారుతున్నయి."

పరశురాములు లేచి కూసున్నడు. ఎన్నడు నోరిప్పని కోడలు ఏడ్చుకుంట మెసేజ్ పెట్టిందంటే చిన్న సంగతి గాదు. ఇంట్ల ఏం పోయింది? ఎవలు పోయిండ్రు? "ఫోన్ కలుపురా" అన్నడు. జానీ కలిపిండు. అవతల మోగి మోగి ఆగింది. మళ్ల కలిపిండు. ఈసారి సగం మోగంగనే టక్కున కట్టయింది. సైదమ్మకు చేస్తే ఆమె ఫోను ఎప్పటి తీరుగనే బందున్నది.

"ఇంట్ల ఏదన్న పోతే మనకెందుకు పెడుతది బావా? దామోదర్‌కు పెడుతది. నీకు పెట్టిందంటే నీ కాడ ఉన్నదే ఏదో మిస్సయింది."

"నా కాడ ఏమున్నది? గొంగడి, కట్టె, నువ్వు, గొర్లు."

ఆ మాట అన్నంక ఇద్దరూ ఒకలి మొకం ఒకలు చూసుకున్నరు. తర్వాత మంద దిక్కు చూసిండ్రు.

"పొద్దుగాల లెక్కపెట్టినవా?" అని పరశురాములు అడిగిండు.

"పెట్టినట్టే" అన్నడు జానీ.

పెట్టినట్టే అంటే పెట్టలేదన్నట్టు. పరశురాములు కట్టె పట్టుకొని లేచిండు. నీడకు ఒరిగిన గొర్లు ఇంత ఎండల గిదేం పరేషాన్ అన్నట్టు మెల్లమెల్లగ లేచినయి. ఇద్దరూ ఎదురెదురుగ నిలబడి నడుమ సందుల నుంచి జోడు జోడుగ వదిలిండ్రు. పరశురాములు లెక్క ఒకటి తక్కువొచ్చింది. జానీ లెక్క మూడు ఎక్కువొచ్చింది. జానీ ఇంగ్లీషుల ఆగిండు గని లెక్కల పాసయిండని ఎవలూ అనలే. మళ్ల వదిలిండ్రు. ఒకటి తక్కువనే.

లెక్క ఒడవక ముందే పరశురాములుకు ఏది లేదో తెలిసిపోయింది. నల్లచెవుల గొర్రె. నిండు సూడిది. నేడో రేపో ఈనాలె. పొద్దుగాల మందెనుక కాళ్లు ఈడ్చుకుంట నడిచింది, ఆయన చూసిండు గూడ.

"అగ్గో!" అన్నడు జానీ. నోరు తెరిచినోడు మూయలే. "నీ కోడలు పానగల్ కాడ కూసోని చెప్పింది బావా!"

"ముచ్చట తర్వాత. నువ్వు మందకాడుండు" అని పరశురాములు వచ్చిన తోవ పట్టిండు.

పొద్దు పడమటికి వాలుతాంది. పొద్దుగాల మేపుకుంట వచ్చిన మడులన్నీ ఎనుకకు దాటిండు. గొర్రెను పిలిచే తీరుగ నాలుక మడిచి కూతలేసుకుంట పోయిండు. జవాబు లేదు. పిల్లకాల్వ తిరిగే మూల కాడ మూడు కుక్కలు కనబడ్డయి. అవి మొరుగుతలేవు. మొరిగే కుక్కకు కాపరి బెదురడు. సప్పుడు చెయ్యకుంట నేలకానుకొని ఒక దిక్కే చూసే కుక్కంటే గుండె జారుతది. అవి చూస్తున్నది నీళ్లు పారేటందుకు తోవ కింద వేసిన సిమెంటు పైపు, గూన దిక్కు. కాల్వ బందయి గూన ఎండిపోయి ఉన్నది.

పరశురాములు కట్టె ఇసిరిండు. మట్టిపెడ్డలు ఇసిరిండు. నోటికొచ్చిన తిట్లన్నీ ఇసిరిండు. రెండు కుక్కలు ఉరికినయి, మూడోది మాత్రం ఇంత దూరం పోయి కూసున్నది. ఆయన బోర్ల పండుకొని గూనల తలకాయ పెట్టిండు. లోపల నల్లచెవుల గొర్రె. ముందట తడి ఆరని పిల్ల ఒకటి కాళ్లు దొరకక దొర్లుతాంది. తల్లి దాన్ని నాకుతలేదు, రొప్పుతాంది. కడుపుల ఇంకొకటున్నది.

ఆయన భుజాల దాక లోపలికి దూరిండు. గూన ఇరుకు, మోచేతుల తోలు లేచింది. "ఇగో, వచ్చిన. నేనే, పరశురాములును. భయపడకు బిడ్డా" అనుకుంట గొర్రెతోని ముచ్చట పెట్టిండు. రెండో పిల్ల కాలు అడ్డం తిరిగి ఉన్నది. మెల్లగ సవరిచ్చి, తల్లి నొప్పి తీసినప్పుడల్లా జర జర గుంజిండు. అది జారి చేతుల పడ్డది. ముక్కు తుడిచి ఊదిండు. ఒక తుమ్ము తుమ్మింది. ఆ తుమ్ము చప్పుడుకు పరశురాములు గూనల పండుకునే నవ్విండు.

రెండు పిల్లలను గొంగట్ల ఏసుకొని ముందట తను, ఎనుక అరుసుకుంట తల్లి. పొద్దు పూర్తిగ గూకక ముందే మంద చేరిండ్రు.

జానీ దూరంకెల్లి చూసే ఎగిరిండు. "జంటనా బావా!"

"జంటనే. ఒకటి ఆడది. ఇంకొక్క గడియ ఆగితే మూడింటికీ కుక్కల పాలే గతి."

ఆ పూట అన్నం తినుకుంట ఇద్దరూ ఆ ముచ్చటనే తిప్పి తిప్పి మాట్లాడిండ్రు. కోడలుకు ఎట్ల తెలిసింది? "డిగ్రీల గవన్ని చెప్తరు. మీద ఆకాశంల మిషన్లు తిరుగుతయి గద, అండ్లకెల్లి కిందిదంత ఫోన్ల కనబడుతది. గొర్రె చెవులు నల్లగున్నయా తెల్లగున్నయా గూడ తెలుస్తది" అన్నడు జానీ. పరశురాములుకు ఆ మాట నచ్చలే. ఆకాశంలకెల్లి చూసినోళ్లు గూనల దూరిన గొర్రెను ఎట్ల చూస్తరు? ఆ పిల్ల నోరు మంచిది, మనసు మంచిది, అందుకే తట్టింది అనుకున్నడు. ఆడ గొర్రెపిల్లను కోడలు పేరు మీద ఇడిసిపెట్టాలని అప్పుడే మొక్కుకున్నట్టు అనుకున్నడు.

తెల్లారి సైదమ్మ ఫోను కలిసింది. కాల్వ గట్టు మీద గాలి ఈలలేస్తాంది, మాట సగమే వినబడుతాంది.

"సైదీ, కోడలు మిస్సయిందని మెసేజ్ పెట్టింది నిన్న" అని పరశురాములు ఒర్రిండు.

అవతల సైదమ్మ గొంతు మారింది. "మిస్సయిందా? నీకు పెట్టిందా? ఇంట్ల ఉన్న నాకు ఒక్క మాట చెప్పలే!"

"నాకే ఎందుకు పెట్టిందో నాకేమెరుక? జానిగాడు సదివి చెప్పిండు."

"జానిగాడు గూడ సదివిండా! ఇజ్జత్ పాయె. నిజమేనా మరి?"

"ముందు నేనూ నమ్మలే. లెక్కపెట్టి చూస్తే నిజమే."

"అవ్, అది లెక్కతోనే తెలుస్తది."

"పాపం, ఏడ్చుకుంట పెట్టింది."

"ఏడుపెందుకు పిచ్చిపిల్ల! సంబురపడాలె గని."

సంబురం మాట ఈమెకు ఎట్ల తెలిసిందా అనుకొని పరశురాములు "సంబురమే. జంట!" అన్నడు.

"జంటనా? గప్పుడే ఎట్ల తెలుస్తది?"

"నా కండ్లార చూసిన గదనే..."

గాలికో దేనికో మాట తెగింది. మళ్ల ఆమెనే చేసింది. "ఇగో, ఇను. ఈ ముచ్చట మూడు నెలలదాక ఎవ్వలకూ చెప్పకు. దిష్టి తాకుతది. అది తన నోటితోని చెప్పేదాక నేను గూడ అడుగ. నువ్వొకసారి ఇంటికి రా" అని పెట్టేసింది.

గొర్రె ఈనితే మూడు నెలలు ఎవ్వలకు చెప్పకుండేదేందో పరశురాములుకు సమజ్ గాలే. అయితే జంటపిల్లలకు దిష్టి తాకుతదన్న మాట ఉత్తది గాదు. సరే, ఎట్లనో పోవాల్నే గదా, కోడలుకు నోటిమాటగ చెప్పొద్దాం అనుకున్నడు. గొర్రెపిల్లలకు కాళ్లు నిలిచేదాక ఒక దినం ఆగి, జానీకి నాలుగుసార్లు జాగ్రత్తలు చెప్పి, లెక్క రెండుసార్లు పెట్టమని చెప్పి, నకిరేకల్ పోయే బస్సెక్కిండు. అక్కడ దిగి నల్లగొండ బస్సు, నల్లగొండల ఆటో.

ఇంటికి పోయేసరికి వాకిట్ల సంత లెక్కున్నది. చిట్యాలకెల్లి దామోదర్ వచ్చి ఉన్నడు. అమ్మ అర్జెంటని ఫోన్ చేసిందట, ఎందుకో చెప్పలేదట. పక్కింటి బిక్షమ్మ అరుగు మీద కాళ్లు చాపుకొని కూసున్నది. ఆమె రాకుంట ఊర్ల ఏ శుభమూ కాదు, ఏ ముచ్చటా దాగదు. మంచం మీద స్నేహలత. ముందట పళ్లెం నిండ ఉప్పూ కారం జల్లిన మామిడికాయ ముక్కలు. ఆ పిల్ల దిగపోతే సైదమ్మ "కూసో కూసో, నువ్వు లేవకు" అంటాంది. స్నేహలత మొకంల ఏమీ అర్థంగాని నవ్వున్నది. రెండు రోజుల సంది బిందె ముట్టనిస్తలేదు, చీపురు పట్టనిస్తలేదు. అత్తమ్మ ఎందుకింత ప్రేమగ, పావురంగ చూసుకుంటాందో పాపం ఆమెకు తెలువది.

పరశురాములు కాళ్లు గడుక్కోకుంటనే కోడలు ముందటికి పోయిండు. జీవితంల మొదటిసారి ఆమెతోని ఇంత పెద్ద మాట మాట్లాడిండు.

"బిడ్డా, నీకు చేతులెత్తి మొక్కాలె. నువ్వు మిస్సయిందని మెసేజ్ పెట్టకుంటె నల్లచెవుల గొర్రె, దాని జంటపిల్లలు కుక్కల పాలయ్యేటియి. సరిగ్గ యాళ్లకు చెప్పినవు. ఆడపిల్ల నీదే ఇగ. ఒక్క మాట చెప్పు బిడ్డా, నీకెట్ల తెలిసింది?"

ముందు సైదమ్మ నోరు లేచింది.

"గొర్రెనా? గొర్రె ఈనిందా? జంట గొర్రెకా?"

"మరి ఎవలకనుకున్నవే?"

సైదమ్మ మామిడికాయ పళ్లెం దిక్కు చూసింది. బిక్షమ్మ సైదమ్మ దిక్కు చూసింది. "నీ కోడలుకు నెల మిస్సయిందంటివి గదనే సైదమ్మా! పొద్దుగాల నాకు చెప్పినప్పటి సంది నేను నాలుగిండ్లు తిరిగొస్తి" అన్నది బిక్షమ్మ. మూడు నెలలు ఎవ్వలకు చెప్పొద్దన్న సైదమ్మ తలకాయ దించుకున్నది.

స్నేహలత మొకం తెల్లబోయింది, ఆ తర్వాత ఎర్రబడ్డది. "మీకా మామయ్యా? మెసేజ్ మీకొచ్చిందా?" అని గబగబ ఫోను తీసి చూసింది. దామోదర్ పాత నంబరు, కొత్త నంబరు రెండూ ఒక్క పేరు మీదనే ఉన్నయి. ఆదివారం మొగడు రాలేదని రందిల ఉన్న పిల్ల, మెసేజ్‌ను పాత నంబరుకు పంపింది. అవతల సదివినట్టు రెండు నీలం గీతలు పడ్డయి గని జవాబు రాలే. సదివి గూడ జవాబియ్యడా అని కోపమొచ్చింది. తర్వాత అదే పేరు మీద ఫోనొస్తే, "ఇప్పుడు యాదికొచ్చిన్నా" అని కట్ చేసింది. చేసింది మామ. కట్టయింది మామ ఫోను.

చున్నీ మొకం మీదికి గుంజుకొని ఇంట్లకు ఉరికింది. తలుపు దగ్గరేసుకున్నది.

దామోదర్‌కు అప్పుడు సమజయింది. ముందు పెదాలు బిగబట్టి ఆపుకున్నడు. తర్వాత అరుగు మీద కూలబడి కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్విండు. బిక్షమ్మకు మాత్రం నవ్వు రాలే. తిరిగొచ్చిన నాలుగిండ్లకు మళ్ల పోవాలె గదా. "మీ ఇంటోళ్ల ముచ్చట మీకే తెల్వది, మందెట్ల తెలుసుకోవాలె" అని సణుక్కుంట లేచిపోయింది.

"ఎందుకురా నవ్వుతవు?" పరశురాములుకు కోపమొచ్చింది. "మిస్ అంటే పోయిందని గాదా?"

"అదే బాపూ, గని యూ పక్కన పెడితే వేరే."

"ఏం వేరే?"

దామోదర్ అమ్మ దిక్కు చూసిండు, బాపు దిక్కు చూసిండు, మూసిన తలుపు దిక్కు చూసిండు. "అంటే... నువ్వు లేవు గదా... లేకపోతే ఇగ... ఎట్లనో అయితాంది అని."

"ఎట్లనో అంటే ఎట్ల? జ్వరమొచ్చినట్టా?"

"జ్వరం గాదు. ఎట్ల చెప్పాలె... యాదికొస్తున్నవు అని. అది గూడ పూరాగ కాదు..."

దారం మిల్లుల ఎంత చిక్కుపడ్డ పోగునైనా ఇప్పగలిగేటోడు గీ ఒక్క ముడి కాడ తిప్పలు పడుతుంటే తలుపెనుకకెల్లి సన్నగ మాట వినబడ్డది.

"రంది, అత్తమ్మా. రందయితాంది అని."

సైదమ్మ చేతిల ఉన్న కొంగు ఇడిసి, "ఓ, రందా!" అన్నది. "గంత మంచి మాట మనకుండంగ గీ మిస్సులెందుకు? నాకు చెప్తే నేనే ఫోన్ చేసి నాలుగు తిట్టి పిలిపియ్యకపోదునా?" మామిడికాయ పళ్లెం చేతులకు తీసుకున్నది. మనవడో మనవరాలో అని రెండు రోజులు కట్టుకున్న ఆశ జర కలుక్కుమన్నది గావచ్చు, ఒక ముక్క నోట్లేసుకొని పుల్లగ మొకం పెట్టింది. అంతే. తర్వాత కొడుకు మీదికి తిరిగింది.

"లగ్గమై నాలుగు నెలలు. వారానికొక్కపూట మొగని మొకం చూస్తే పిల్లకు రంది గాకుంటె ఏమైతది? సోపతిగాళ్ల రూము ఇడిసిపెట్టు. చిట్యాలల ఇద్దరికి సరిపోయే జాగా చూసుకో. తీసుకొనిపో."

"నువ్వొక్కదానివే ఉంటవు గదమ్మా. బాపు మంద మీద ఉండె."

"నా ఫికర్ నీకెందుకు? నాకేం, అలవాటే."

'అలవాటే' అన్న మాట పరశురాములు చెవుల పడ్డది. ఎన్నడు పడనంత గట్టిగ పడ్డది.

దామోదర్ సోపతిగానికి ఫోన్ చేసి చిట్యాలల ఇద్దరికి సరిపోయే రూము మాట్లాడుకున్నడు. మాపటీలి ఎండ తగ్గినంక కొడుకూ కోడలూ ఇంట్ల ఏదో గుసగుస మాట్లాడుకుంటున్నరు, నడుమ నడుమ నవ్వు ఇనబడుతాంది. సైదమ్మ వాకిట్ల కూసోని చింతపండు గింజలు తీస్తాంది. పరశురాములు ఆమె పక్కకు పోయి కూసున్నడు. రెండు గింజలు తను గూడ తీసిండు.

"సైదీ."

"ఆఁ."

"నీకు గూడ అయితదా, రంది?"

సైదమ్మ చెయ్యి ఆగలే. "ఇప్పుడెందుకు గా ముచ్చట?"

"అడుగుతున్న. ఉత్తగనే."

"లగ్గమైన మొదటి ఏడు నువ్వు మంద తోలుకొని పోతుంటే ఊరు దాటే మలుపు కాడిదాక వచ్చిన. నువ్వు ఎనుకకు తిరిగి చూస్తవేమో అని నిలబడ్డ. నువ్వు గొర్లను చూసుకుంట పోయినవు. మా అత్త పిలిచి, గొర్లోళ్ల ఇంట్ల గిదంత ఉండది బిడ్డా, పోయి పని చూసుకో అన్నది. పని చూసుకున్న." ఒక గింజ తీసి పక్కన పడేసింది. "అప్పుడు ఫోన్లు గూడ లేకుండె. ఉన్నా ఏమని పెట్టాలె?"

మందల ఏ గొర్రె కాలు ఈడుస్తాందో, ఏది మేత ముడుతలేదో దూరంకెల్లే చెప్పగలిగేటోడు పరశురాములు. ఇంట్ల మనిషి దిక్కు అంత నిదానంగ ఎన్నడు చూసిండో యాదికి రాలే. ఇప్పుడు చూసిండు. చెవుల పక్కన వెంట్రుకలు తెల్లబడ్డయి. చింతపండు పులుపుకు వేళ్లు నల్లబడ్డయి. చూస్తుంటే ఆమె "ఏంది?" అన్నది.

"రేపు పిల్లలు చిట్యాల పోతరు" అన్నడు ఆయన. "నువ్వు నాతోని రా."

"ఏడికి?"

"మంద మీదికి. కేతేపల్లి."

"నేనా? ఆడోళ్లు వస్తరా?"

"ఎందుకు రారు? వచ్చేటోళ్లు వస్తనే ఉన్నరు. నేనే ఎన్నడు అడుగలే."

"కోళ్లను ఎవలు చూడాలె? ఇంటికి తాళమేస్తే మంది ఏమంటరు?"

"కోళ్లను బిక్షమ్మ చూస్తది. మంది ఏమంటరో గూడ ఆమెనే చూసుకుంటది."

సైదమ్మ నవ్వింది. పండ్లు కనబడేటట్టు, చింతపండు చేతితోనే నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. వస్తనని అనలే, రానని అనలే. గింజలు తీసినంత సేపు తీసి, లేచి పోయి మూలకున్న రేకు డబ్బ దులిపింది. అండ్ల రెండు చీరలు పెట్టింది. ఇంత కారం పొడి, ఇంత మామిడికాయ తొక్కు పెట్టింది. తమ్ముని వంట సంగతి ఆమెకు తెలుసు.

తెల్లారి దామోదరూ స్నేహలతా ఒక సంచీ, ఒక సూట్‌కేసుతోని చిట్యాల తోవ పట్టిండ్రు. కాళ్లు మొక్కేటప్పుడు స్నేహలత మామ మొకం చూడలే. "బిడ్డా, నీ గొర్రెపిల్ల పెద్దగయినంక చూడొస్తవు గద?" అని పరశురాములు అంటే, నేల చూపులతోనే "వస్త మామయ్యా" అన్నది. పెదాల మూలకు నవ్వున్నది.

బస్సుల సైదమ్మ కిటికీ పక్క కూసున్నది. నల్లగొండ దాటింది, నకిరేకల్ల ఇంకో బస్సు మారిండ్రు. కొద్దిసేపటికే "దిగు, వచ్చింది" అన్నడు పరశురాములు.

"వచ్చిందా? అప్పుడే?"

దిగి నిలబడ్డది. ఒక దిక్కు హైవే మీద లారీలు ఉరుకుతున్నయి. ఇంకో దిక్కు కోసిన వరిమడులు, కాల్వ గట్టు, తుమ్మచెట్లు, మడుల నడుమ తెల్లకొంగలు. దూరంగ కట్ట కింద బూడిదరంగు మబ్బు లెక్క మంద.

"గిదేనా కేతేపల్లి?"

"గిదే."

"ఏండ్లకేండ్లు ఎండాకాలమొస్తే నువ్వు పోయే దేశం గిదేనా?" సైదమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకొని చుట్టూ చూసింది. "నేను ఎంత దూరమో అనుకున్న! ఒక్క పొద్దు కూడు గూడ అరుగలేదు, వచ్చేస్తిమి. గీడనే ఉంటివా ఇన్నేండ్లు?"

"గీడనే ఉన్న" అన్నడు పరశురాములు, తప్పు చేసినోని లెక్క.

సైదమ్మ మొగని మొకం చూసింది, మడుల దిక్కు చూసింది. చీర కుచ్చిళ్లు మీదికి చెక్కుకొని, రేకు డబ్బ ఆయన చేతిల పెట్టి, గట్టు దిగి మడులకు అడ్డంపడి నడిచింది. ఆ అడుగు చూస్తే మొదటిసారి వచ్చిన మనిషి అడుగు లెక్క లేదు. ఎదురుంగ జానీ చేతులూపుకుంట "అక్కా, అక్కా! ఇటు రాకు, పొట్టేలున్నది!" అని ఒర్రుకుంట ఉరికొస్తుండు. పొట్టేలు అప్పటికే తల వంచింది. సైదమ్మ గూడ ఆగలే, అక్కడ పడున్న కొయ్య అందుకొని దాని ముందటికే పోయింది.